కార్బన్ షీటు ఊడకుండా ఉండాలంటే

చిరంజీవి మధుకు ఆశీస్సులు.

కడపలో పాత బడి బీములకు బలం కోసం కార్బన్ ఫైబరు షీటు అతికించే పని నీ చేతికి వచ్చిందని అక్క చెప్పింది. చాలా సంతోషం. కానీ ఆ షీటును కాంక్రీటుకు పట్టి ఉంచే యాంకర్ల సంగతి చెప్పకుండా ఉండలేను.

ఈ షీటు తెగడం అరుదు, ఊడడమే ఎక్కువ. బరువు పెరిగితే ఎపాక్సీ జిగురు నిలబడుతుంది, దాని వెనకున్న కాంక్రీటే పలచగా పెచ్చులేస్తుంది. మీ బీముల మీద స్లాబు ఉంది కాబట్టి షీటు చుట్టూ తిరగదు, మూడు వైపులే. పై కొసలు స్లాబు కింద ఆగిపోతాయి, పట్టు తప్పేది అక్కడే. యాంకరు కావాల్సింది కూడా అక్కడే. ఎపాక్సీలో నానిన కార్బన్ దారాల కట్టను ఒక కొస రంధ్రంలో దింపి, రెండో కొసను షీటు మీద విసనకర్రలా పరవాలి.

పని చెడేది రంధ్రం దగ్గరే అబ్బీ. డ్రిల్లు పెట్టకముందే స్కానరుతో చూసి, బీము లోపల ఇనుప రింగులున్న చోట సుద్దతో గీయించు. రంధ్రంలో దుమ్మును గాలితో ఊది, బ్రష్‌తో తోమి, మళ్లీ ఊదించాలి. మేస్త్రి ఒకసారి ఊది చాలంటాడు, ఒప్పుకోవద్దు. పుల్లకు తెల్లగుడ్డ చుట్టి లోపల తిప్పు. పొడి అంటిందంటే మళ్లీ మొదటినుంచి చేయాల్సిందే. రంధ్రం అంచు పదునుగా ఉంటే వంపు దగ్గర దారాలు నలిగి తెగుతాయి, గ్రైండరుతో గుండ్రం చేయించు. బీము మూలలకైతే అమెరికా కాంక్రీటు సంస్థ మార్గదర్శకం ఏసీఐ 440.2ఆర్ కనీసం 13 మి.మీ. వ్యాసార్థం అడుగుతుంది.

లోపల చువ్వ తుప్పు పట్టి ఉంటే ముందు ఆ పని చూడండి. తుప్పు మీద షీటు కప్పితే రోగాన్ని దాచినట్టే. కాంక్రీటును లాగి చూసే పరీక్షలో బలం 1.4 ఎంపీఏ (మెగాపాస్కల్) కూడా రాకపోతే అతికించొద్దు. యాంకర్లున్నాయి కదా అని ఇందులో సడలింపు ఇవ్వకు.

డిజైనరు యాంకరుగా ఇనుప ప్లేటు, బోల్టులు చూపిస్తే కార్బన్‌కు ఇనుము తగలకుండా మధ్యలో గ్లాసు ఫైబరు పొర వేయించు. లేకపోతే ఇనుము త్వరగా తుప్పు పడుతుంది.

మన ఎండల్లో ఎపాక్సీ బకెట్‌లోనే గట్టిపడుతుంది. పొద్దున్నే మొదలుపెట్టి, కొంచెం కొంచెంగా కలిపి, వెడల్పాటి ట్రేలో పోసుకుంటే టెన్షన్ ఉండదు. చిక్కబడిన దాన్ని మాత్రం పారేయించు, ఖర్చు చూడొద్దు. మొదటి యాంకరు వేసే రోజు ముందుగా చెప్పు, నేనూ వస్తాను.

మీ మామ