ముందు రిమోట్ కొనుక్కో అల్లుడూ

విశాఖపట్నం

అల్లుడూ,

నీ మెసేజ్ చదివాను. మొదటి జీతంతో రిమోట్ హెలికాప్టర్ కొంటానన్నావు. అదీ నేరుగా 450 సైజుది, అంటే రెక్కలు అడ్డంగా డెబ్బై సెంటీమీటర్ల దాకా ఉండేది, ఎవరో వాడి అమ్ముతుంటే చవగ్గా వస్తోందన్నావు. చాలా సంతోషం వేసింది. మన ఇంట్లో ఇంకొకరికి దీని మీద ఇష్టం పుట్టాలని ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాను. అయితే ఆ హెలికాప్టర్‌కి అప్పుడే అడ్వాన్స్ ఇవ్వకు. ఈ ఉత్తరం మొత్తం చదివి, ఆ తర్వాత ఫోన్ చెయ్యి.

పెళ్ళిళ్ళలో కెమెరా డ్రోన్ ఎగరేసిన చెయ్యి కాబట్టి ఇదీ వచ్చేస్తుందని రాశావు. తేడా అక్కడే ఉంది. డ్రోన్ స్టిక్కులు వదిలేస్తే అది ఉన్నచోటే ఆగుతుంది. జీపీఎస్, ఎత్తు కొలిచే సెన్సర్, కింద నేలను చూసే కెమెరా కలిసి దాన్ని పట్టి ఉంచుతాయి. నువ్వు కొంటానంటున్న హెలికాప్టర్‌లో ఆ పని నీ వేళ్ళదే. తిరుగుడుని కనిపెట్టే జైరో సెన్సర్ తోకని తిరిగిపోకుండా ఆపుతుంది, రెక్కలతో పాటు తిరుగుతూ నిలకడనిచ్చే ఫ్లైబార్ అనే అడ్డకడ్డీ లేని మోడళ్లలో వాలుని కూడా కొంత సర్దుతుంది. కానీ గాలి తోస్తే పక్కకి జారిపోవడాన్ని అది ఆపలేదు. చిన్నప్పుడు అరచేతి మీద కర్ర నిలబెట్టే ఆట ఆడేవాడివి కదా, హోవర్ చెయ్యడం, అంటే గాలిలో ఒకే చోట నిలబెట్టడం, అచ్చం అదే. చెయ్యి కదులుతూ ఉంటేనే కర్ర నిలబడుతుంది. రేడియోతో నడిచే మోడల్ విమానాలు 1930ల నుంచే ఉన్నాయి. హెలికాప్టర్‌ని నిలకడగా ఎగరేసి చూపించడానికి మాత్రం 1970 ప్రాంతంలో జర్మనీకి చెందిన డీటర్ ష్లూటర్ రావాల్సి వచ్చింది. అంత కష్టమైన సంగతి ఇది. కాబట్టి నెల రోజుల్లో రాలేదని నిరాశ పడకు.

నీ డబ్బులో పెద్ద వాటా రిమోట్ మీద పెట్టు. హెలికాప్టర్లు విరుగుతాయి, మారుతాయి, అమ్మేస్తాం. మంచి రిమోట్ ఏళ్ళ తరబడి నీతో ఉంటుంది. రేడియోమాస్టర్ బాక్సర్ లాంటిది చాలు. అందులో మల్టీ ప్రోటోకాల్ మాడ్యూల్ ఉన్నది తీసుకుంటే రకరకాల కంపెనీల హెలికాప్టర్లు దానితో కలుస్తాయి. ఏ మోడల్ కలుస్తుందో కొనే ముందే చూసుకో. మోడ్ 2 అనే అడుగు. అంటే ఎడమ స్టిక్ పైకీ కిందికీ జరిపితే ఎత్తు, పక్కలకి జరిపితే తోక, కుడి స్టిక్‌తో వాలు. నీ డ్రోన్‌ కూడా బహుశా అలాగే పెట్టి ఉంటుంది కాబట్టి ఆ మేరకు నీ అనుభవం పనికొస్తుంది. ఒక్క తేడా గుర్తుంచుకో. డ్రోన్ ఎడమ స్టిక్ వదిలితే మధ్యకి వచ్చేస్తుంది, దీనిది ఎక్కడ వదిలితే అక్కడే ఉండిపోతుంది.

రిమోట్ వచ్చాక దాన్ని యూఎస్‌బీ కేబుల్‌తో లాప్‌టాప్‌కి కలిపి సిమ్యులేటర్, అంటే తెర మీద ఎగరేసే ప్రోగ్రామ్, పెట్టుకో. రియల్‌ఫ్లైట్, నెక్స్ట్, అక్యూఆర్‌సీ, ఏదైనా ఫర్వాలేదు. ఫోన్‌లో ఆడే ఆటలు వద్దు, చేతిలో అసలు రిమోట్ ఉండాలి. ఈ ఉత్తరంలో ఒక్క మాటే వింటాననుకుంటే ఈ మాట విను. సిమ్యులేటర్‌లో హోవర్ రాకుండా అసలు హెలికాప్టర్‌ జోలికి పోకు. తెర మీద కూలిపోతే ఒక్క బటన్ నొక్కితే మళ్ళీ లేస్తుంది. మైదానంలో కూలితే రెక్కలు, మెయిన్ షాఫ్ట్, ఫెదరింగ్ షాఫ్ట్, మెయిన్ గేర్ మార్చాలి. ఆ పార్టులు తెప్పించుకోవడానికి వారాలు పట్టవచ్చు, ఈలోగా వేళ్ళకి వచ్చింది కాస్తా పోతుంది.

రోజూ అరగంట కూర్చో. ఆదివారం నాలుగు గంటలు కూర్చుని వారమంతా మానేస్తే లాభం లేదు. మొదట తోక నీవైపు, ముక్కు అవతలికి పెట్టుకుని ఒకే చోట నిలబెట్టు. అప్పుడు దాని కుడీ నీ కుడీ ఒకటే కాబట్టి తికమక ఉండదు. అది కుదిరాక ముక్కుని కొద్దికొద్దిగా పక్కకి తిప్పుతూ, ఎడమ పక్క కనపడేలా ఒకసారి, కుడి పక్క కనపడేలా ఒకసారి నిలబెట్టు. ఎవరికైనా ఒక పక్క సులువుగా వస్తుంది, రెండోది రాదు. రాని పక్కనే ఎక్కువసేపు ఎగరేయి. ఆఖరిది ముక్కు నీవైపు తిరిగి ఉండటం. అప్పుడు ఎడమ కుడి తారుమారవుతాయి. దూరంగా పంపాలంటే స్టిక్ నీవైపు లాగాలి. బుర్రతో లెక్కలు వేసే టైమ్ ఉండదు, అందుకే పాత ఫ్లయర్లు ఒక చిట్కా చెబుతారు: ముక్కు నీవైపు ఉన్నప్పుడు అది ఏ పక్కకి వాలుతోందో స్టిక్‌ని ఆ పక్కకే నెట్టు, పడబోతున్న వైపుకి ఆసరా పెట్టినట్టు అనుకో. నిజంగా పనిచేస్తుంది. చాలామంది ఈ దశకి భయపడి, తోక తమవైపు ఉండగానే ముందుకీ వెనక్కీ తిప్పుతూ ఏళ్ళు గడిపేస్తారు. గాలికి ముక్కు ఒక్కసారి ఇటు తిరిగిందా, ఏం చెయ్యాలో తోచదు. నాలుగు వైపులా నిలబెట్టడం వచ్చాకే ఎనిమిది ఆకారంలో తిప్పడం మొదలుపెట్టు. తలకిందులుగా ఎగరేసే వీడియోల సంగతి ఇప్పుడు మర్చిపో.

ఇక మొదటి హెలికాప్టర్. అసలు చెయ్యి అలవాటు పడటానికి డబ్ల్యూఎల్‌టాయ్స్ వీ911 లాంటి ఒంటి రోటర్ (పైన తిరిగే రెక్కల సెట్టు ఒకటే), నాలుగు ఛానెళ్ల (నాలుగు కదలికలకి నాలుగు కంట్రోళ్లు) చిన్నది మంచిది. పడినా గోడ పాడవదు, అదీ అంత సులువుగా విరగదు. ఒకదాని మీద ఒకటి రెండు రోటర్లు తిరిగే కోయాక్సియల్ బొమ్మలు వద్దు. వాటంతట అవే నిలబడతాయి, నీకేమీ నేర్పవు. తర్వాత ఎక్స్‌కే కే110 వంటిది తీసుకోవచ్చు. అది కలెక్టివ్ పిచ్, అంటే మోటార్ వేగం మార్చి కాకుండా రెక్కల కోణం మార్చి పైకీ కిందికీ వెళ్తుంది. పెద్ద హెలికాప్టర్ పద్ధతే అది. అందులో 6జీ మోడ్‌లో తనంతట తాను సమంగా నిలబడుతుంది, 3జీలో నువ్వే నిలబెట్టాలి. మొదలు 6జీలో పెట్టినా అక్కడే ఉండిపోకు. 450 సైజు దాకా రావడానికి తొందరేమీ లేదు. వచ్చినప్పుడు కూడా వాడినది కొనే ముందు నాకు చూపించు. పైకి మెరుస్తూ, లోపల షాఫ్ట్ వంగి ఉండే సరుకు చాలా అమ్ముతుంటారు.

నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది ఇది. నువ్వు అడిగిన 450 హెలికాప్టర్ రోటర్ చుట్టు కొలత కాదు, అడ్డంగా కొలిస్తేనే దాదాపు డెబ్బై సెంటీమీటర్లు. నిమిషానికి రెండున్నర వేల నుంచి మూడు వేల చుట్లు తిరుగుతుంది. రెక్క చివర వేగం లెక్క కడితే గంటకి మూడు వందల కిలోమీటర్లు దాటుతుంది. అది బొమ్మ కాదు. 2013లో న్యూయార్క్‌లోని ఒక పార్కులో ఇంకా పెద్ద సైజు హెలికాప్టర్ రెక్క తలకి తగిలి ఒక కుర్రాడు అక్కడికక్కడే చనిపోయాడు. బాగా ఎగరేయడం వచ్చినవాడే. అందుకే ఎంత నైపుణ్యం వచ్చినా నీకూ దానికీ మధ్య కనీసం పది మీటర్లు ఉండాలి. ఎదురుగా, పక్కన, వెనక పిల్లలుంటే అసలు స్టార్ట్ చెయ్యకు. ఫ్రెండ్స్ వీడియో తీస్తామని దగ్గరికి వస్తే దించెయ్యి, మొహమాటం పడకు.

రిమోట్‌లో థ్రాటిల్ హోల్డ్ అనే స్విచ్ పెట్టుకో. అది వేస్తే మోటార్ వెంటనే ఆగుతుంది. బ్యాటరీ కలిపేటప్పుడు, హెలికాప్టర్ చేతిలో మోసుకెళ్ళేటప్పుడు అది వేసే ఉండాలి. కూలిపోతున్నప్పుడు అందరూ చేసే పని ఎడమ స్టిక్ ఒక్కసారిగా కిందికి లాగెయ్యడం. మోటార్ ఎప్పుడూ ఒకే వేగంతో తిరిగే ఐడిల్ అప్ మోడ్‌లో ఉంటే అప్పుడు మోటార్ ఆగదు. రెక్కలు వ్యతిరేక కోణంలోకి మారి హెలికాప్టర్‌ని నేలకేసి కొడతాయి. అలాంటప్పుడు వేలు హోల్డ్ మీదికే పోవాలి. సిమ్యులేటర్‌లోనూ కూలిన ప్రతిసారీ ఆ స్విచ్ వేసే అలవాటు చేసుకో. ఎప్పుడూ ముందు రిమోట్ ఆన్, తర్వాత హెలికాప్టర్ బ్యాటరీ. తీసేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత రిమోట్. బ్యాటరీ కలిపాక జైరో సిద్ధమయ్యే దాకా దాన్ని కదపకు.

ఈ హెలికాప్టర్లలో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీల గురించి అమ్మకి కూడా చెప్పు, ఎందుకంటే ఛార్జింగ్ ఇంట్లోనే పెడతావు. ఒక్కో సెల్ నిండితే 4.2 వోల్టులు. 3 వోల్టుల కిందికి పోతే బ్యాటరీ పాడైనట్టే. రిమోట్‌లో టైమర్ పెట్టి, మొదట మూడు నిమిషాలకే దించి వోల్టేజ్ కొలువు. సెల్‌కి 3.7కీ 3.8కీ మధ్య మిగిలేలా టైమర్ సర్దుకో. వారం రోజులు ఎగరేయవనుకుంటే 3.8 దగ్గర స్టోరేజ్‌లో పెట్టు, నిండుగా వదిలెయ్యకు. సెల్స్ అన్నీ సమంగా నింపే బ్యాలెన్స్ ఛార్జర్ తప్పనిసరి. 2200 ఎంఏహెచ్ బ్యాటరీకి 2.2 ఆంపియర్లు చాలు, తొందరపడి పెంచకు. ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం, బయటికి వెళ్ళడం చెయ్యకు. ఉబ్బిన బ్యాటరీ మళ్ళీ వాడకు. ఎండాకాలం కార్లో వదిలేస్తే ఏమవుతుందో హైదరాబాద్‌లో ఉన్నవాడివి, నేను చెప్పక్కర్లేదు.

ఎక్కడ ఎగరేయాలని అడిగావు. కాలనీ గ్రౌండ్ వద్దు, అక్కడ ఎప్పుడూ క్రికెట్ నడుస్తూనే ఉంటుంది. ఊరి బయట కోత అయిపోయిన పొలం, యజమానిని అడిగి, తెల్లవారగానే వెళ్ళు. ఆ టైమ్‌లో గాలి తక్కువ. పొడుగు గడ్డి తోక రోటర్‌కి తగులుతుంది కాబట్టి లేపడానికి, దించడానికి ప్లైవుడ్ ముక్క తీసుకెళ్ళు. లేపాక నేలకి అంటిపెట్టుకుని తిప్పకు. రెక్కల గాలి నేలకి కొట్టుకుని తిరిగి వచ్చి అక్కడ బాగా ఊగుతుంది. కొత్తవాళ్ళు భయంతో అక్కడే ఉండబోతారు. కంటి ఎత్తుకి తీసుకెళ్తే స్థిమితపడుతుంది.

2021 డ్రోన్ రూల్స్ కూడా చూసుకో. 250 గ్రాముల లోపు నానో, 2 కిలోల దాకా మైక్రో. సరదాకి ఎగరేసుకుంటే ఈ రెండింటికీ పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. ముందుగా అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో అయినా 400 అడుగులు దాటకూడదు, నీకు అందులో పదో వంతు కూడా అవసరం పడదు. మీ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాలు, ఎయిర్‌ఫోర్స్ స్టేషన్లు ఉన్నాయి కాబట్టి వెళ్ళే ముందు ప్రభుత్వం వారి డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు ఏ రంగులో ఉందో ప్రతిసారీ చూడు.

దసరాకి వచ్చేటప్పుడు రిమోట్, లాప్‌టాప్ రెండూ తీసుకురా. ముక్కు నీవైపు పెట్టి రెండు నిమిషాలు సిమ్యులేటర్‌లో నిలబెట్టి చూపిస్తే, నా దగ్గరున్న కే110 నీ చేతికిస్తాను. రెక్కలు ఎక్స్‌ట్రా సెట్లు కూడా తెప్పించి పెట్టాను. ఆ 450 అమ్మేవాడికి మాత్రం ఇవాళే వద్దని చెప్పెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య