మ్యాప్ చూస్తే చాలదా అని అడిగిన అమ్మాయికి

ప్రశ్న: సార్, నేను బీఏ పొలిటికల్ సైన్స్ ఫైనల్ ఇయర్. మా అన్నయ్య కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో ఎంబీబీఎస్ చదివొచ్చాడు, అక్కడి కబుర్లు వినీ వినీ పీజీలో సోవియట్ నుంచి విడిపోయిన దేశాల రాజకీయాలే చదవాలని పట్టుకుంది. జియోపాలిటిక్స్ అంటే, అదే దేశాల రాజకీయాల్ని మ్యాప్‌ని బట్టి చూడటమంటే పిచ్చి, మెకిండర్ హార్ట్‌ల్యాండ్ వీడియోలు తెగ చూశా. కానీ రీసెర్చ్ మెథడ్స్ అని ఒక పేపర్ ఉందట, నాకు లెక్కలంటే భయం. మ్యాప్ చూస్తే చాలదా, ఆ పేపర్‌ని ఏదోలా పాసైపోతే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: సరిపోదమ్మా. నీ ఇష్టాన్ని కాదనట్లేదు, బ్రిటిష్ భౌగోళిక శాస్త్రవేత్త మెకిండర్ 1904లో లండన్‌లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో చదివిన ఆ పేపర్ నువ్వు వీడియోల్లో కాకుండా నేరుగా చదివి తీరాలి. ఓడలు చేరలేని యూరేషియా నడిబొడ్డు ఒకరి చేతికి చిక్కి, అక్కడ రైళ్ళు తిరగడం మొదలైతే సముద్రాల మీద పెత్తనం చేసేవాళ్ళ ఆట కట్టు అని ఆయన భయం. సరే, ఇప్పుడు మీ అన్నయ్య చదివిన కిర్గిజ్‌స్తాన్‌ని, పక్కనున్న ఉజ్బెకిస్తాన్, కజకస్తాన్‌లని చూడు. మూడూ మెకిండర్ మ్యాప్‌లో ఒకే చోట ఉన్నాయి, మూడూ 1991లోనే విడిపోయాయి, అంతకు ముందు మూడింటినీ ఏలింది ఒకే పార్టీ. కిర్గిజ్‌స్తాన్‌లో 2005, 2010, 2020ల్లో జనం రోడ్డెక్కి మూడు సార్లు ప్రెసిడెంట్లని దింపేశారు, ఉజ్బెకిస్తాన్‌లో కరీమోవ్ 2016లో చనిపోయేదాకా కుర్చీ వదల్లేదు, కజకస్తాన్‌లో నజర్బాయెవ్ 2019లో తనే దిగితే రాజధాని అస్తానాకి ఆయన పేరు పెట్టి మళ్ళీ 2022లో తీసేశారు. మరి ఈ తేడాలు మ్యాప్‌లో ఎక్కడున్నాయి? చాలావరకు ఒకేలా ఉన్న దేశాల్ని పక్కపక్కన పెట్టి వేరుగా ఉన్నది ఏమిటో వెతకడం, మెథడ్స్ పేపర్‌లో మొదట్లో నేర్పేది ఇదే, ఇందులో లెక్కలెక్కడున్నాయి చెప్పు.

లెక్కలున్న చోటు కూడా చూపిస్తా, చూస్తే భయం పోతుంది. రష్యాలో పుతిన్‌కి 80 శాతం పైన మద్దతు అని సర్వేలో వస్తే, జనం భయపడి అలా చెప్పారేమో అని ఎవరికైనా అనుమానం వస్తుంది కదా. 2015 మొదట్లో కొందరు రాజనీతి పరిశోధకులు ఏం చేశారంటే, కొంతమందికి ముగ్గురు నాయకుల పేర్లిచ్చి వీళ్ళలో మీరు ఎంతమందిని సమర్థిస్తారో సంఖ్య మాత్రం చెప్పండి, పేర్లు అక్కర్లేదు అన్నారు. ఇంకొంతమందికి అవే ముగ్గురు, ప్లస్ పుతిన్. మొదటి గుంపు సగటు 1.1, రెండోది 1.9 వచ్చిందనుకో, ఆ తేడా 0.8 పుతిన్ పేరు వల్ల వచ్చిందే, అంటే 80 శాతం మంది ఆయన్ని సమర్థిస్తున్నట్టు, కానీ ఏ ఒక్కరూ నోరు తెరిచి పేరు చెప్పలేదు! తీసివేత ఒక్కటే కదమ్మా. నిజంగా కూడా అప్పుడు 80 దగ్గరే తేలింది, నేరుగా అడిగినదానికి కొద్దిగా తక్కువ. తర్వాత అదే పరిశోధకులు, ఈ పద్ధతికి అసలే అంకెని కాస్త తగ్గించి చూపే గుణం ఉంది, ఆ తేడా అంతా భయం వల్లే అనుకోకండి అని హెచ్చరిక కూడా రాశారు. తమ పద్ధతిలో లోపాన్ని తామే వెతికి బయటపెట్టడం, నాకు ఈ చదువులో అన్నిటికంటే గౌరవం కలిగేది అక్కడే.

ఇంకోటి, రష్యన్ ఇప్పట్నుంచే మొదలుపెట్టు, హైదరాబాద్‌లోని ఇంగ్లీష్, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఆ డిపార్ట్‌మెంట్ ఉంది. ఢిల్లీ జేఎన్‌యూలో రష్యా, మధ్య ఆసియా దేశాల కోసమే ఒక సెంటర్ ఉంది, దాని సంగతీ కనుక్కో. అన్నయ్యకి వచ్చిన నాలుగు రష్యన్ ముక్కలు ముందు ఆయన దగ్గరే నేర్చుకో, ఫీజుండదు.

ప్రశ్న: సోవియట్ పోయి ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇంకా "పోస్ట్ సోవియట్" అనడం కరెక్టేనా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఎస్టోనియా, లాత్వియా, లిథువేనియా 2004లోనే నాటోలో, యూరోపియన్ యూనియన్‌లో చేరాయి, అక్కడివాళ్ళని అలా పిలిస్తే చాలామందికి నచ్చదు, సోవియట్ తమని బలవంతంగా కలుపుకుందన్నది వాళ్ళ బాధ, అది న్యాయమైనదే. సోవియట్ నుంచి విడిపోయిన 15 దేశాల్ని ఒకే గాటన కట్టేయకండి. మీరు రాసేదాంట్లో సోవియట్ కాలం నాటి చట్టమో సరిహద్దో ఇప్పటికీ పనిచేస్తుంటే ఆ మాట వాడండి, లేదంటే దేశం పేరే రాయండి.