క్విజ్ ప్రశ్నల్లో తప్పులను, తికమక మాటలను పోటీకి ముందే ఎలా పట్టుకోవాలి?

ఒంగోలులో హైస్కూలు పిల్లలకు పెట్టబోయే క్విజ్ పోటీకి మీ మిత్రులు తయారుచేసిన 60 ప్రశ్నలను సరిచూసే పని మీ మీద పడిందనీ, జవాబులన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తున్నా ఎక్కడ ఏ తప్పు దాగి ఉందోనని భయంగా ఉందనీ రాశారు. ఆ భయం మంచిదే. కందుకూరు ప్రాంతంలో చాలా ఏళ్లు తెలుగు ఉపాధ్యాయునిగా పనిచేసి, ఏడాదికి రెండు మూడు చోట్ల క్విజ్ మాస్టరుగా నిలబడి, ఆ భయం లేనందువల్లనే ఒకసారి నిండు సభలో తలవంచుకున్నవాణ్ణి కనుక, నాకు తెలిసినంత చెబుతాను.

అది చివరి రౌండు. ‘ఆంధ్ర తొలి ముఖ్యమంత్రి ఎవరు?’ అని అడిగాను. తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి బజరు నొక్కి ‘టంగుటూరి ప్రకాశం పంతులు గారు’ అని చెప్పింది. నా చేతిలోని కాగితం మీద నీలం సంజీవరెడ్డి అని ఉంది కనుక ‘తప్పు’ అన్నాను. ప్రకాశం గారి పేరు పెట్టుకున్న జిల్లాలో, ఆయన పటానికి దండ వేసి మొదలుపెట్టిన సభలో, ఆయన పేరు తప్పు జవాబని మైకులో ప్రకటించిన ఘనత నాది. ఆ అమ్మాయి కూర్చోకుండా, ‘సార్, 1953లో కర్నూలు రాజధానిగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ఆయనే కదా సార్’ అన్నది. వెనక వరుసల్లో పెద్దవాళ్ల నవ్వులు వినిపించాయి. నేను కాగితాన్ని రెండుసార్లు తిరగేసి చూశాను, అందులో వేరే ఏమైనా రాసి ఉంటుందేమో అన్నట్టు.

కాగితంలోని జవాబు అబద్ధం కాదు. 1956 నవంబరు 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌కు తొలి ముఖ్యమంత్రి సంజీవరెడ్డి గారే. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ప్రకాశం గారు, ఆయన తరువాత 1955లో మన బుచ్చిరెడ్డిపాళెం బిడ్డ బెజవాడ గోపాలరెడ్డి గారు ముఖ్యమంత్రులు. ప్రశ్న రాసిన మిత్రుడు బిట్ల పుస్తకంలోని ‘ఆంధ్రప్రదేశ్’ అనే మాటను, ఇంట్లో మనందరం మాట్లాడుకునేటట్టే, ‘ఆంధ్ర’ అని కుదించాడు. ఆ కుదింపుతోనే సరైన ప్రశ్న ఇంకో రాష్ట్రాన్ని అడిగే ప్రశ్నగా మారిపోయింది. 2014 జూన్ 2 తరువాతి ఆంధ్రప్రదేశ్‌ను దృష్టిలో పెట్టుకుని ఎవరైనా మూడో పేరు చెప్పినా, ఆ వాక్యం పట్టుకుని నేను కాదనగలిగేవాణ్ణి కాను.

అందువల్ల మీకు చెప్పదలచిన అసలు సంగతి ఇది. క్విజ్ కాగితాల్లో జవాబే తప్పయిన ప్రశ్నలు అరుదు. ఇంకో జవాబు కూడా ఒప్పయ్యే ప్రశ్నలే ఎక్కువ, వేదిక మీద పరువు తీసేవి కూడా అవే. వాటిని పట్టుకోవాలంటే జవాబుల కాలమ్‌ను ఒక అట్టముక్కతో మూసి, ప్రతి ప్రశ్ననూ ఓడిపోతున్న జట్టు తరఫున వకాల్తా పుచ్చుకున్నవారిలా చదవాలి. ముందు మీ జవాబు రాసుకోండి. తరువాత ‘దీనికి ఇంకో జవాబు చెప్పి వాదించి నెగ్గగలనా?’ అని ఆలోచించండి. జవాబు చూస్తూ ప్రశ్న చదివితే ఈ పని జరగదు, ఎందుకంటే జవాబు తెలిసిన కన్ను ప్రశ్నలో లేని మాటలను కూడా తానే పూరించుకుని చదివేస్తుంది.

మన ప్రాంతం వారు తప్పక వేసే ఒక ప్రశ్ననే తీసుకుందాం. ‘ఆంధ్ర మహాభారతాన్ని పూర్తి చేసిన కవి ఎవరు?’ నెల్లూరు వారు వెంటనే తిక్కన అంటారు, అద్దంకి వైపు వారు ఎర్రన అంటారు, ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. నన్నయ ఆది, సభా పర్వాలను ముగించి అరణ్యపర్వంలో కొంత దూరం వచ్చి ఆగిపోయాడు. తిక్కన విరాటపర్వం నుండి చివరి వరకు పదిహేను పర్వాలు రచించాడు కనుక గ్రంథం చివరి పద్యం ఆయనదే. అయితే మధ్యలో మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని, అద్దంకి నుండి పాలించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానంలో ఉన్న ఎర్రన తరువాతి శతాబ్దంలో పూరించాడు కనుక, లోటు తీరి భారతం సమగ్రమైనది ఆయన చేతి మీదుగానే. ‘పూర్తి చేయడం’ అన్న మాటకు చివరి దాకా రాయడం అన్న అర్థమూ ఉంది, వెలితి పూడ్చడం అన్న అర్థమూ ఉంది. ‘నన్నయ విడిచిన అరణ్యపర్వ శేషాన్ని రచించిన కవి ఎవరు?’ అని అడిగితే తగాదా లేదు.

తెలుగులో ప్రశ్నలు రాసేటప్పుడు ‘కు’, ‘యొక్క’ వంటి విభక్తి ప్రత్యయం రాలిపోయిన చోట ప్రత్యేకంగా ఆగండి. ‘తిక్కన అంకిత కృతి ఏది?’ అని ఒక కాగితంలో చూశాను. తిక్కన అంకితమిచ్చిన కృతా, తిక్కనకు అంకితమైన కృతా? మొదటిదైతే నెల్లూరు రాజు మనుమసిద్ధికి అంకితమిచ్చిన నిర్వచనోత్తర రామాయణం, రెండవదైతే కేతన రాసిన దశకుమార చరిత్ర. ఆ ప్రశ్న రాసినవారు ఈ రెండింటినీ ఆప్షన్లలో పక్కపక్కనే పెట్టారు. సమాసం చేస్తే ప్రశ్న గంభీరంగా వినిపిస్తుందన్న మోజు మా తెలుగు పండితులకే ఎక్కువ కనుక, ఈ తప్పులో మా వాటా పెద్దదని ఒప్పుకుంటున్నాను. ‘తొలి తెలుగు మహిళా కవయిత్రి’ అని రాసేదీ మేమే. కవయిత్రి అన్నాక మళ్లీ మహిళ ఎందుకు?

‘మొదటి’, ‘అతి పెద్ద’, ‘ఏకైక’ అన్న మాటలు కనిపిస్తే ఎర్ర సిరాతో చుట్టండి. ‘శ్రీహరికోట నుండి మొదటి రాకెట్‌ను ఎప్పుడు ప్రయోగించారు?’ అన్నది చూడటానికి ముచ్చటైన ప్రశ్న. 1971 అక్టోబరు 9న అక్కడి నుండి రోహిణి-125 అనే చిన్న సౌండింగ్ రాకెట్ (పై వాతావరణాన్ని పరిశీలించే రాకెట్) ఎగిరింది. 1979 ఆగస్టు 10న ఉపగ్రహ వాహకనౌక ఎస్ఎల్‌వీ-3 మొదటి ప్రయోగం జరిగి విఫలమైంది. 1980 జులై 18న అదే ఎస్ఎల్‌వీ-3 రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ‘మొదటి రాకెట్’ అన్న మాటకు ఈ మూడు తేదీలలో దేన్ని పట్టుకున్నా వాదించవచ్చు, కనుక సౌండింగ్ రాకెట్టో, ఉపగ్రహ వాహకనౌకో, విజయవంతమైన ప్రయోగమో ప్రశ్నలోనే తేల్చాలి. పులికాట్ విషయంలోనూ ఇంతే. ‘దేశంలో రెండవ పెద్ద సరస్సు’ అని రాసేస్తారు. చిలికా తరువాత అది రెండవ పెద్ద ఉప్పునీటి సరస్సు. ‘ఉప్పునీటి’ అన్న ఒక్క మాట వదిలేస్తే ప్రశ్నే అబద్ధమవుతుంది.

ఆ పులికాట్, శ్రీహరికోటలతో ఇంకో చిక్కు కూడా ఉంది. పాత బిట్ల పుస్తకాలన్నిటిలో అవి నెల్లూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు అవి ఉన్న సూళ్లూరుపేట ప్రాంతం తిరుపతి జిల్లాలోకి, చీరాల బాపట్ల జిల్లాలోకి, మా కందుకూరు ప్రకాశం నుండి నెల్లూరులోకి వెళ్లాయి. ఇల్లు కదలకుండానే నేను జిల్లా మారాను. సరిహద్దుల మాట ఆ తరువాత కూడా నలుగుతూనే ఉంది. కాబట్టి ‘ఏ జిల్లాలో ఉంది?’ అన్న ప్రతి ప్రశ్ననూ పోటీ జరిగే వారంలో మళ్లీ సరిచూసుకోవాలి, లేదా ‘2022 పునర్విభజనలో ఏ జిల్లాలో చేర్చారు?’ అని కాలాన్ని ప్రశ్నకే కట్టివేయాలి. సామాన్యశాస్త్రంలోనూ ఇలా కాలం చెల్లిపోయే సంగతులు ఉంటాయి. శనిగ్రహానికి 2025 మార్చిలో ఒకేసారి 128 కొత్త ఉపగ్రహాలను గుర్తించడంతో మొత్తం 274కు చేరింది. మీ మిత్రుల కాగితంలో అది ఇంకా 82 దగ్గరే ఉంటే ఆశ్చర్యం లేదు. ‘మన జాతీయ క్రీడ ఏది?’ అన్నది ఉంటే కొట్టివేయండి, అధికారికంగా ప్రకటించిన జాతీయ క్రీడ అంటూ ఏదీ లేదు.

జిల్లా పుట్టిన తేదీ దగ్గర కూడా జాగ్రత్త అవసరం. 1970 ఫిబ్రవరి 2న ఏర్పడినది ఒంగోలు జిల్లా, దానికి ప్రకాశం పేరు పెట్టినది 1972లో. ‘ప్రకాశం జిల్లా ఏర్పడిన సంవత్సరం ఏది?’ అని అడిగి, ఆప్షన్లలో ఆ రెండు సంవత్సరాలనూ ఇస్తే పిల్లల తెలివికి పెట్టిన పరీక్షగా కాక, లాటరీగా మిగులుతుంది. పొట్టి శ్రీరాములు గారి పేరు నెల్లూరు జిల్లాకు పెట్టుకున్నాం కనుక ఆయన నెల్లూరులో జన్మించారని రాసిన కాగితాలు కనీసం మూడు దిద్దాను. ఆయన 1901లో జన్మించినది మద్రాసులో. నిరాహార దీక్ష 58 రోజులు అని ఉంటే వేళ్ల మీద లెక్క పెట్టి చూడండి. 1952 అక్టోబరు 19 నుండి నెలాఖరు దాకా 13, నవంబరులో 30, డిసెంబరు 15 వరకు 15. మొదటి రోజునూ చివరి రోజునూ కలిపితేనే 58 వస్తుంది. ఇలా లెక్కకు లొంగే అంకెను లెక్కించకుండా ఎప్పుడూ వదలవద్దు.

మీ పోటీ ఒంగోలులో కనుక ఎద్దుల ప్రశ్న ఉండే తీరుతుంది. బ్రెజిల్‌లో విస్తారంగా పెంచే ‘నెలోర్’ పశువులు ఏ జిల్లావి అని అడిగితే, పేరునుబట్టి నెల్లూరు అనాలా, జాతినిబట్టి ఒంగోలు అనాలా? ఒంగోలు తాలూకా 1904లో గుంటూరు జిల్లాలో చేరేదాకా నెల్లూరు జిల్లాలోదే, అందుకే ఒకే జాతికి రెండు ఊళ్ల పేర్లు నిలిచాయి. ఇంత చక్కని కథను ఒక్క ముక్క జవాబుగా కుదించడం నాకైతే మనసొప్పదు. ‘బ్రెజిల్‌లో నెలోర్ అని పిలిచే పశుజాతిని మనం ఏ పేరుతో పిలుస్తాం?’ అని అడిగితే జవాబూ ఒక్కటే, పిల్లలకు ఆశ్చర్యమూ మిగులుతుంది.

ఆప్షన్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ‘ఈ కవయిత్రి ఎవరు?’ అని అడిగి ముగ్గురు మగవారి పేర్లు ఇవ్వకూడదు, సరైన జవాబు మాత్రమే మిగతావాటికన్నా పొడవుగా ఉండకూడదు, ‘కానిది ఏది?’ అన్నప్పుడు ‘కానిది’ని పెద్ద అక్షరాల్లో అచ్చు వేయించాలి. అచ్చుతప్పులను డీటీపీ కాపీ మీద మాత్రమే దిద్దాలి, చేతిరాత ప్రతిలో దిద్దినవి కంపోజింగులో మళ్లీ పుడతాయి.

బజరు రౌండు ప్రశ్నలను తప్పనిసరిగా పైకి చదివి చూడండి. మన వాక్యంలో ‘ఎవరు’, ‘ఎప్పుడు’, ‘ఎక్కడ’ అన్నవి సాధారణంగా చివరికి వస్తాయి. ‘టంగుటూరి ప్రకాశం పంతులు జన్మించినది...’ అనగానే చురుకైన పిల్లవాడు బజరు నొక్కి 1872 అంటాడు, మీరు అడగబోయినది వినోదరాయునిపాలెం. ఇందులో పిల్లవాడి తొందరకన్నా వాక్యనిర్మాణం దోషమే ఎక్కువ. ‘ఏ గ్రామంలో టంగుటూరి ప్రకాశం పంతులు జన్మించారు?’ అని ప్రశ్నపదాన్ని ముందుకు తెస్తే చాలు. కాగితం మీద కొంచెం కృతకంగా కనిపించినా మైకులో హాయిగా వినిపిస్తుంది.

ఇంత చూసినా ఒకటి రెండు జారిపోతాయి. అభ్యంతరం వస్తే ఏం చేయాలో నిర్వాహకులతో ముందే రాతపూర్వకంగా అనుకోండి. నేను పాటించేది ఇది: జట్టు చెప్పిన జవాబు ప్రశ్నలోని మాటలకు సరిపోతే మార్కులు ఇచ్చేస్తాను, ప్రశ్నే తప్పయితే దాన్ని రద్దు చేసి అదనపు ప్రశ్న వేస్తాను. ఆ రోజు నా దగ్గర అదనపు ప్రశ్నలు లేవు, ఈ ఒప్పందమూ లేదు. నిర్వాహకులు కాగితంలో ఉన్నదే ఖాయమన్నారు, ఆ అమ్మాయి జట్టు ఐదు మార్కుల తేడాతో రెండో స్థానంలో నిలిచింది. సభ ముగిశాక నేను వెళ్లి తప్పు నాదని చెబితే, ‘పర్లేదు సార్, సంజీవరెడ్డి గారిని అడగాలంటే ఆంధ్రప్రదేశ్ అని అడగండి సార్’ అని చెప్పి బస్సుకు పరుగెత్తింది. అప్పటి నుండి పది అదనపు ప్రశ్నలను కవరులో పెట్టి వెంట తీసుకువెళుతున్నాను, వాటిలో మొదటిది ‘1953లో ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి’ అని మొదలవుతుంది.