అల్బుమిన్ ఎక్కిస్తే కాలేయ మార్పిడి తప్పుతుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 58 ఏళ్లు. మద్యం అలవాటు లేదు. ఫ్యాటీ లివర్ ముదిరి సిర్రోసిస్ (కాలేయం గట్టిపడటం) అయింది. ఈమధ్య పొట్టలో నీరు చేరితే రెండుసార్లు తీయించాం. ఒక రాత్రి మమ్మల్ని గుర్తుపట్టలేనంత అయోమయంలో పడ్డారు. కాలేయ జబ్బు తీవ్రతను చెప్పే మెల్డ్ స్కోరు 17 అన్నారు. కాలేయ మార్పిడి కోసం పరీక్షలు మొదలుపెడదామని డాక్టరు చెబితే నాన్నగారు ఒప్పుకోవడం లేదు. ఇటలీలో వారం వారం అల్బుమిన్ అనే రక్తంలోని మాంసకృత్తును ఎక్కించినవాళ్లు ఎక్కువకాలం బతికారని ఎక్కడో చదివారట. ‘నాకూ అదే చాలు, ఆపరేషన్ సంగతి మంచాన పడ్డాక చూద్దాం’ అంటున్నారు. మాంసకృత్తులు కూడా మానేశారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ నాన్నగారు చదివిన పరిశోధన నిజంగా జరిగిందే. దాని ఆధారంగా ఆయన తీసుకున్న నిర్ణయమే నన్ను కలవరపెడుతోంది.

ఆ పరిశోధన పేరు ఆన్సర్. 2018లో వెలువడింది. పొట్టలో నీరు చేరిన నాలుగు వందల మందికి పైగా అందులో పాల్గొన్నారు. సగం మందికి మామూలు మందులే ఇచ్చారు. మిగతా సగానికి వాటితోపాటు మొదటి రెండు వారాలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి 40 గ్రాముల అల్బుమిన్ ఎక్కించారు. ఏడాదిన్నర నాటికి అల్బుమిన్ అందినవారిలో 77 శాతం, అందనివారిలో 66 శాతం జీవించి ఉన్నారని తేలింది. ఇది చిన్న తేడా కాదు. అయితే అల్బుమిన్ అందినా దాదాపు నాలుగో వంతు మంది ఏడాదిన్నర దాటలేదన్నది కూడా ఆ అంకెల్లోనే ఉంది. పైగా అల్బుమిన్ అందని జట్టుకు వారం వారం ఉత్తి సెలైనైనా ఎక్కించలేదు. తరచూ ఆసుపత్రికి వచ్చి నర్సుల కంట పడటం వల్ల కలిగిన మేలెంతో, మందు చేసిన మేలెంతో విడదీయడం కష్టం.

అదే ఏడాది స్పెయిన్ నుంచి మాక్ట్ అనే పరిశోధన వచ్చింది. మీ నాన్నగారికి చూపించవలసింది ఇదే. మార్పిడి జాబితాలో ఎదురుచూస్తున్నవారికి పదిహేను రోజులకోసారి అల్బుమిన్‌తోపాటు మిడోడ్రిన్ అనే మాత్ర ఇచ్చి చూశారు. ఉపద్రవాలూ తగ్గలేదు, ఆయుర్దాయమూ పెరగలేదు. 2021లో వెలువడిన బ్రిటన్ పరిశోధన అటైర్‌లో ఆసుపత్రిలో చేరిన రోగులకు రెండు వారాల వరకు అల్బుమిన్ ఎక్కించారు. మేలు కనబడకపోగా ఊపిరితిత్తుల్లో నీరు చేరడం వంటి ఇబ్బందులు ఎక్కువయ్యాయి. వీటిలో ఏదీ అబద్ధం కాదు. రోగుల స్థితి వేరు, మోతాదు వేరు, ఇచ్చిన కాలం వేరు.

అల్బుమిన్ విలువను నేను తక్కువ చేయడం లేదు. ఒక్కసారిగా ఐదు లీటర్లకు మించి నీరు తీసినప్పుడు, ఆ నీటికి ఇన్ఫెక్షన్ సోకినప్పుడు దాన్ని తప్పక ఇస్తాం. రక్తనాళాల్లో ద్రవాన్ని నిలిపి మూత్రపిండాలను కాపాడుతుంది. గట్టిపడిన కాలేయాన్ని మాత్రం అది మెత్తబరచలేదు.

ఇక 17 సంగతి. మెల్డ్ స్కోరు 6 నుంచి 40 వరకు ఉంటుంది, పెరిగేకొద్దీ జబ్బు తీవ్రమైనట్టు. కాబట్టి 17 అంటే ధైర్యంగానే అనిపిస్తుంది. మొదట్లో దీన్ని కామెర్లను చెప్పే బిలిరుబిన్, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే తీరు చెప్పే ఐఎన్‌ఆర్‌లతో లెక్కగట్టారు. తర్వాత సోడియం వంటివి కలిశాయి. ఎన్ని కలిసినా పొట్టలో నీరు, ఆ రాత్రి మీరు చూసిన అయోమయం ఈ లెక్కలోకి రావు. సాధారణంగా స్కోరు 15 దాటితే ఆపరేషన్ ప్రమాదం కన్నా దానివల్ల కలిగే మేలే ఎక్కువని 2005లో అమెరికా గణాంకాలు చూపించాయి. ఆయన ఆ గీత దాటారు.

మంచాన పడ్డాక వచ్చే రోగులను చూసినప్పుడల్లా నాకు దుఃఖం కలుగుతుంది. అప్పటికి కండ కరిగిపోతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, ఇన్ఫెక్షన్ తగ్గే దాకా కత్తి పట్టలేం. అందుకే ఇప్పుడే పరీక్షలు చేయించమంటున్నాను. పరీక్షలకు ఒప్పుకుంటే ఆపరేషన్‌కు ఒప్పుకున్నట్టు కాదని ఆయనకు చెప్పండి. గుండె, ఊపిరితిత్తులు, కాలేయంలో గడ్డలేమైనా ఉన్నాయా అన్నవి చూసేసరికే వారాలు గడుస్తాయి. ఈలోగా ఆరోగ్యం కుదుటపడితే మార్పిడిని వాయిదా వేయవచ్చు. అల్బుమిన్ కావాలా వద్దా అన్నది కూడా ఆ బృందమే తేలుస్తుంది.

మాంసకృత్తులు మానడం మాత్రం ఈరోజే ఆపించండి. అవి తింటే మతి తప్పుతుందన్నది పాత నమ్మకం. బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాములు అవసరం. పడుకునే ముందు కూడా కొంచెం తినాలి, రాత్రంతా ఖాళీ కడుపుతో ఉంటే శరీరం తన కండనే కరిగించుకుంటుంది. అయోమయం మళ్లీ రాకుండా లాక్టులోజ్ అనే విరేచనకారి మందు ఇచ్చి ఉంటే, రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా మోతాదు సర్దుకోవాలి. అది చాలకపోతే రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ గురించి మీ డాక్టరును అడగండి.

ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఆయనకు ఇవ్వకండి. జ్వరం, కడుపునొప్పి, నల్లటి విరేచనం, మళ్లీ మాట తడబడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లండి.