సీడర్ సీజన్ మొదలయ్యేలోపే మందు మొదలుపెట్టు

చిరంజీవి నానికి,

పోయిన జనవరంతా తుమ్ములతో, ముక్కు దిబ్బడతో నిద్ర లేకుండా గడిపావని మీ అమ్మ చెప్పింది. టెక్సస్‌లోని ఆస్టిన్‌కి వచ్చిన మొదటి చలికాలంలో ఏమీ కాలేదు కదా, ఇప్పుడెందుకు అంటున్నావట. ఎలర్జీ అలాగే వస్తుందిరా. ఒకటి రెండు సీజన్లు చెట్ల పుప్పొడి పీల్చాకే ఒళ్ళు దానిమీద తిరగబడుతుంది. ఆస్టిన్ చుట్టూ కొండల నిండా ఉన్న సీడర్ చెట్లు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పుప్పొడి వదులుతాయి. ఉత్తరపు చలిగాలి పొడిగా వీచే రోజుల్లో మరీ ఎక్కువ. సీడర్ ఫీవర్ అంటారు గానీ నిజంగా జ్వరం రాదు. థర్మామీటర్ 101 చూపిస్తే అది వేరే జబ్బు.

ఇప్పుడింకా నవంబరే కాబట్టి టైమ్ ఉంది. ఈ వారమే ఒక స్టెరాయిడ్ ముక్కు స్ప్రే కొనుక్కో. ఫ్లోనేజ్ అయినా, నేసాకార్ట్ అయినా సరే, ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు. షాపు సొంత బ్రాండ్‌లో ఫ్లూటికసోన్ అని ఉంటే అదీ ఫ్లోనేజ్ మందే, చవక కూడా. స్టెరాయిడ్ అనగానే కంగారుపడకు. చిన్న డోసు, చాలావరకు ముక్కులోనే పనిచేస్తుంది. అయితే కొట్టగానే తేడా తెలియదు, పూర్తి గుణం కనబడడానికి కొన్ని రోజులు పడుతుంది. రెండు రోజులు చూసి పనిచేయట్లేదని పక్కన పడేసేవాళ్ళే ఎక్కువ. నువ్వలా చేయకు, రోజూ వాడు.

కొట్టే పద్ధతి కూడా ముఖ్యం. తల కొంచెం ముందుకు వంచు. కుడి ముక్కులో ఎడమ చేత్తో, ఎడమ ముక్కులో కుడి చేత్తో కొట్టు. అప్పుడు మందు మధ్య గోడకి కాకుండా పక్కకి పడుతుంది. మధ్య గోడకి తగిలితే ముక్కు మండుతుంది, రక్తం కూడా కారొచ్చు. గట్టిగా ఎగపీల్చకు, మందంతా గొంతులోకి పోతుంది.

అమ్మ సూట్‌కేసులో పెట్టిన సిట్రిజిన్, ఇక్కడి జిర్టెక్ ఒకటే మందు. రెండూ కలిపి వేసుకోకు. తుమ్ములకి, దురదకి బాగుంటుంది గానీ దిబ్బడకి అంతగా పనిచేయదు. మగతగా ఉంటే రాత్రి వేసుకో, లేదా అలెగ్రా అనే ఇంకో ఎలర్జీ మాత్రకి మారు. అలెగ్రాని మంచినీళ్ళతోనే మింగాలి, ఆరెంజ్ జ్యూస్‌తో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. బాగా మగత తెచ్చే బెనడ్రిల్ వేసుకుని మాత్రం కారు నడపకు. కళ్ళు దురదపెడితే పాటడే చుక్కలు వేసుకో.

ఆఫ్రిన్ స్ప్రే నిమిషాల్లో ముక్కు తెరుస్తుంది. అందుకే దాని గురించి నాకు భయం. మూడు రోజులు దాటి వాడితే దిబ్బడ ముందుకంటే ఎక్కువై తిరిగొస్తుంది, ఇక అది మానడం కష్టం. పేరు చివర డి ఉన్న మాత్రల్లో మామూలుగా సూడోఎఫెడ్రిన్ ఉంటుంది, అది దిబ్బడ తగ్గిస్తుంది గానీ బీపీ పెంచుతుంది. మీ నాన్న వచ్చినప్పుడు అవి ఇవ్వకు, ఆయనకి బీపీ ఉంది. షెల్ఫ్ మీద దొరికే ఫినైలెఫ్రిన్ మాత్రలు దిబ్బడకి పనిచేయవని 2023లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా నిపుణులే తేల్చారు. డబ్బు దండగ.

జలనేతి, అంటే నీళ్ళతో ముక్కు కడుక్కోవడం, చేస్తానంటే మంచిదే. కానీ కుళాయి నీళ్ళు నేరుగా ముక్కులో పోయొద్దు. అరుదే గానీ, వాటిలోని అమీబా మెదడుకి పాకి ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. డిస్టిల్డ్ వాటర్ కొనుక్కో, లేకపోతే బాగా మరిగించి చల్లార్చిన నీళ్ళు వాడు. నేతి ముందు, స్ప్రే తర్వాత.

ఊపిరి పీలిస్తే పిల్లికూతలు వినబడినా, ఛాతీ బిగబట్టినట్టున్నా ఈ మందులతో కాలం గడపకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళు. స్ప్రే కొన్నాక బాటిల్ పట్టుకుని వీడియో కాల్ చెయ్యి, ఎలా కొట్టాలో చూపిస్తాను.

ఆశీస్సులతో,
మీ అత్త