గింజ తవ్వి చూస్తే తిట్టకండి

ప్రశ్న: కొడుకూ కోడలూ ఉద్యోగాలకు వెళ్తారు. సాయంత్రం నాలుగు నుంచి మనవడు (4 ఏళ్లు), మనవరాలు (7 ఏళ్లు) నా దగ్గరే ఉంటారు. ఫోన్ మాన్పిద్దామని మేడ మీద పది కుండీలు పెట్టాను. చిన్నవాడు ఈ రోజు వేసిన గింజను రేపు తవ్వి తీస్తాడు, బకెట్లతో నీళ్లు పోస్తాడు. పెద్దది వారం రోజులు చేసి వదిలేసింది. మట్టిలో ఆడితే జబ్బులొస్తాయని కోడలికి టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక నాయనమ్మ, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందు చిన్నవాడిని ఏమీ అనకండి. మట్టి లోపల ఏం జరుగుతోందో చూడాలని వాడి ఆరాటం. అది వాడి కళ్ల ముందే జరిగేలా చేస్తే సరిపోతుంది. గుప్పెడు బొబ్బర్లు రాత్రి నానబెట్టి, పొద్దున గాజు గ్లాసులో తడి దూది కూరి, గాజుకూ దూదికీ మధ్య నాలుగైదు గింజలు బయటికి కనిపించేలా ఇరికించండి. రెండు మూడు రోజుల్లో వేరు వస్తుంది. అప్పుడు గ్లాసును అడ్డంగా పడుకోబెట్టమనండి, మర్నాటికల్లా వేరు కొస మళ్లీ కిందికి వంగి ఉంటుంది. మా మనవడు ఇది చూసిన వారమంతా స్కూలు నుంచి రాగానే బూట్లు కూడా విప్పకుండా గ్లాసు దగ్గరికే పరిగెత్తాడు. దాంతోపాటు ఒక కుండీ పూర్తిగా వాడికే ఇచ్చేయండి. తవ్వినా, వానపాముల కోసం వెతికినా, బొమ్మ కారు పాతిపెట్టినా మీరు సర్దకండి. ఇది నీది, అవి నాయనమ్మవి అంటే ఆ వయసు పిల్లలకు బాగానే అర్థమవుతుంది.

బకెట్ దాచేసి, మూతకు చిల్లులు పెట్టిన చిన్న నీళ్ల సీసా చేతికివ్వండి. పోసే ముందు మట్టిలో వేలు గుచ్చి చూడాలి, తడి తగిలితే ఆ రోజు నీళ్లు లేవు. ఈ ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టండి, ఎందుకంటే కుండీల్లో మొక్కలు ఎండిపోయేదానికన్నా వేళ్లు కుళ్లిపోయి చచ్చేవే ఎక్కువగా చూశాను నేను.

ఇక పెద్దపాప. మీరు ఏం విత్తనాలు వేశారో రాయలేదు కానీ వంగ, టమాటా అయి ఉంటాయని నా అనుమానం. వాటికి కాయ చూడాలంటే రెండు నెలల పైమాటే, ఏడేళ్ల పిల్ల అంతకాలం ఎలా ఆగుతుంది చెప్పండి? పోపుల డబ్బాలో మెంతులు తీసి ఆమెతోనే చల్లించండి. మూడు నాలుగు రోజుల్లో మొలకలు, మూడు నాలుగు వారాల్లో కోత. కత్తెరతో తనే కోసి, తనే కడిగి, పప్పులో వేయమని మీకు తెచ్చివ్వాలి. ఆ పప్పు గిన్నె ఆ రోజు ఎంత గర్వంగా టేబుల్ మీదికి వస్తుందో చూడండి. మెంతికూర పెరుగుతుండగానే ఇంకో పెద్ద కుండీలో బెండ వేయించండి. పసుపు రంగు పువ్వు పొద్దున విచ్చుకుని ఆ రోజుకే వాడిపోతుంది, పువ్వు పూసిన ఐదారు రోజుల్లో కాయ కోయాలి, లేకపోతే ముదిరిపోతుంది. రోజూ స్కేలు పెట్టి కొలిచి నోట్‌బుక్‌లో రాయమనండి. రేపటికి ముదిరిపోతుందేమో అన్న బెంగే పిల్లను మేడ మీదికి తీసుకెళ్తుంది.

మీ కోడలి భయాన్ని కొట్టిపారేయకండి, అందులో సగం నిజం. పిల్లలు వట్టి కాళ్లతో మట్టి తొక్కకూడదు, కొంకి పురుగులు (నులిపురుగుల్లో ఒక రకం) చర్మం గుండానే లోపలికి వెళ్తాయి. పని అయ్యాక గోళ్ల సందులతో సహా సబ్బుతో కడగాలి. పచ్చి పేడ వాడొద్దు, బాగా చివికిన ఎరువు గానీ వర్మీకంపోస్టు గానీ కలపండి. మట్టి గాయాలతో వచ్చే ధనుర్వాతం నుంచి కూడా కాపాడే టీకా, 5–6 ఏళ్లకు వేయించాల్సిన డీపీటీ బూస్టర్ పాపకు పడిందో లేదో కార్డులో చూడండి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో ఇచ్చే నులిపురుగుల మాత్ర ఇద్దరికీ మిస్ కానివ్వకండి. కుండీల కింద ప్లేట్లలో నిలిచిన నీళ్లలో డెంగీ దోమ గుడ్డు వారం పది రోజుల్లో దోమై ఎగిరిపోతుంది కాబట్టి ప్రతి శుక్రవారం ప్లేట్లు బోర్లించే పని పాపకు అప్పగించండి.

ఇంకా మూడు సంగతులు, ఇవి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. ప్యాకెట్ విత్తనాలు గులాబీ, నీలం రంగుల్లో ఉంటే వాటికి మందు పట్టించారని అర్థం, పిల్లల చేతికి ఇవ్వొద్దు. రెండోది, పిట్టగోడ పక్కన కుండీలు పెట్టకండి, నాలుగేళ్లవాడికి కుండీ అంటే ఎక్కే మెట్టే. మూడోది, పచ్చగన్నేరు, ఉమ్మెత్త ఉంటే మొహమాటపడకుండా తీసేయండి, రెండూ విషమే.

ప్రశ్న: మా మనవళ్లు బెంగళూరు నుంచి సంక్రాంతికి వస్తారు, ఉండేది పది రోజులే. ఆ పది రోజుల్లో ఏం పెంచిస్తాం?
– ఒక తాత, తెనాలి

జవాబు: పది రోజులు తక్కువేం కాదండీ. వచ్చిన రోజే పుదీనా కట్టలో నాలుగు కాడలు ఏరి, కింది ఆకులు తుంచి, గ్లాసు నీళ్లలో పెట్టించండి, వెళ్లేలోపు తెల్లటి వేళ్లు దిగుతాయి. నీళ్లు మాత్రం రోజు విడిచి రోజు మార్చాలి. చెట్టు మీదే బాగా ఎండిన బంతిపువ్వు ఒకటి కోసి ఇస్తే, విప్పి చూసి అందులో అన్ని గింజలున్నాయా అని ఆశ్చర్యపోతారు. వాటిని పేపర్ కప్పుల్లో చల్లితే వారంలోపే మొలకలు కనిపిస్తాయి. కప్పుల అడుగున చిల్లు పెట్టి, ఎవరి పేరు వాళ్లతో రాయించి, రైలెక్కేటప్పుడు అట్టపెట్టెలో సర్ది ఇవ్వండి. ఇక ఆదివారం ఫోన్లో, మొక్క ఎంత పెరిగిందిరా అని మీరు అడగొచ్చు.