సైకాలజీ ఆనర్స్ చేయగానే క్లినిక్ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో మంచి ర్యాంకు రాలేదు. లాంగ్‌టర్మ్ వద్దు, ఢిల్లీ యూనివర్సిటీలో సైకాలజీ ఆనర్స్ చదువుతానంటోంది. ఈ చదువుకు ఉద్యోగాలున్నాయా? డిగ్రీ అవగానే క్లినిక్ పెట్టుకోవచ్చా? ఇంకో ఏడాది నీట్ రాయించడం మేలా? – ఒక తండ్రి

జవాబు: క్లినిక్ సంగతి ముందు తేల్చుకుందామండీ, మీ మిగతా ప్రశ్నలకు జవాబు దాన్నిబట్టే ఉంటుంది. ఆనర్స్ పట్టాతో క్లినిక్ పెట్టకూడదు. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చేసి, అక్కడ పేరు నమోదు చేయించుకోవాలి. ఇన్నాళ్లూ డిగ్రీ, రెండేళ్ల పీజీ, ఆ తర్వాత ఆసుపత్రిలో రోగుల మధ్య రెండేళ్ల ఎంఫిల్ చేసేవాళ్లు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) ఎంఫిల్‌ను ఎత్తేసింది. క్లినికల్ సైకాలజీకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చింది. ఇప్పుడు ఆర్‌సీఐ ఎంఏ క్లినికల్ సైకాలజీ లాంటి కొత్త కోర్సులు తెస్తోంది. అందుకని మీ అమ్మాయి పీజీలో చేరే ఏడాది ఏ కోర్సుకు, ఏ సంస్థకు గుర్తింపు ఉందో ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లోనే చూసుకోండి. కాలేజీ బ్రోచర్ నమ్మి ఫీజు కట్టొద్దు. ఎలా లెక్కేసినా ఇంటర్ తర్వాత ఐదారేళ్లకు తక్కువ పట్టదు. డిగ్రీ అవగానే జీతం రావాలన్నది మీ ఇంటి అవసరమైతే ఆ మాట ఇప్పుడే అమ్మాయికి చెప్పండి. దాచిపెట్టి చేర్పిస్తే మూడో ఏట ఇద్దరికీ కష్టం.

లాంగ్‌టర్మ్ విషయంలో అమ్మాయిని ఒక్కటే అడగండి: మందులు రాసే డాక్టరు కావాలని ఉందా? ఉంటే ఎంబీబీఎస్, ఆపైన సైకియాట్రీలో ఎండీ చేయాల్సిందే. సైకాలజీ చదివి సైకియాట్రిస్టు కాలేరు. మనిషితో మాట్లాడి, పరీక్షించి, థెరపీ ఇచ్చే పని కావాలంటే మాత్రం ఇంకో ఏడాది నీట్‌కు ఖర్చుపెట్టడంలో అర్థం లేదు.

నాకు అసలు బెంగ వేరే ఉంది. ‘స్నేహితులందరూ కష్టాలు నాతోనే చెప్పుకుంటారు’ అని ఈ కోర్సులో చేరేవాళ్లు చాలామంది. ఓపిగ్గా వినే గుణం మంచిదే, ఈ వృత్తికి అవసరం కూడా. అయితే ఆనర్స్‌లో మొదట ఎదురయ్యేది స్టాటిస్టిక్స్. సగటు, ప్రామాణిక విచలనం, సహసంబంధం, ఒక ప్రయోగం ఫలితం యాదృచ్ఛికమా కాదా అని తేల్చే లెక్కలు. ఆపైన పరిశోధన పద్ధతులు, మెదడు నిర్మాణం, మానసిక పరీక్షల తయారీ, ప్రాక్టికల్ రికార్డులు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో 1879లో విల్‌హెల్మ్ వుంట్ ప్రయోగశాల పెట్టిన నాటి నుంచీ ఇది కొలతల శాస్త్రమే. లెక్కలు తప్పించుకోవచ్చని బైపీసీ తీసుకున్న పిల్లలు ఇక్కడే ఇబ్బందిపడతారు. భయపెట్టడానికి చెప్పడం లేదు, నేర్చుకుంటే వచ్చేవే. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి సైకాలజీ పుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో పరిశోధన పద్ధతుల పాఠం అమ్మాయిని ఈ వారమే చదవమనండి. ఆసక్తిగా చదివితే నిశ్చింతగా పంపండి. ఆ పాఠం దాటేసి మానసిక రుగ్మతల పాఠం ఎక్కడుందని వెతుక్కుంటే మాత్రం ఇంకోసారి మాట్లాడుకోండి.

ఢిల్లీ యూనివర్సిటీలో లేడీ శ్రీరామ్, గార్గి, దౌలత్ రామ్ లాంటి కాలేజీల్లో సైకాలజీ ఆనర్స్ ఉంది. 2022 నుంచి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష (సీయూఈటీ) స్కోరుతోనే సీట్లు ఇస్తున్నారు. బైపీసీ వాళ్లూ రాయొచ్చు, భాషా పరీక్షగా తెలుగునూ ఎంచుకోవచ్చు. అక్కడ మూడేళ్లకు బయటికి వచ్చినా ఆనర్స్ పట్టా ఇస్తారు, నాలుగో ఏడు పరిశోధనకో ప్రాజెక్టుకో ఉంటుంది. మిగతా చోట్ల సాధారణంగా నాలుగేళ్లు చదివితేనే ఆనర్స్. అమ్మాయికి పరిశోధన ఇష్టమైతే నాలుగో ఏడు వదలొద్దనే చెబుతాను. ఢిల్లీ ఖర్చు భారమైతే ఇక్కడే సైకాలజీ ఉన్న డిగ్రీ కాలేజీలో చేర్పించండి. ల్యాబ్ ఉందా, సైకాలజీ చదివిన అధ్యాపకులు ఎందరున్నారు అని అడిగి, మీరే వెళ్లి చూసి రండి. మంచి పీజీకి ఆ తర్వాత బయటికి వెళ్లొచ్చు. దూరవిద్యలో మాత్రం వద్దు. 2025 జులై-ఆగస్టు సెషన్ నుంచి సైకాలజీని దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో నడపకూడదని యూజీసీ ఆదేశించింది కూడా.

ఇక ఉద్యోగాలు. పీజీ తర్వాత స్కూళ్లలో కౌన్సెలర్లుగా, కంపెనీల హెచ్‌ఆర్ విభాగాల్లో, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రాల్లో చేరుతున్నారు. అధ్యాపకుల అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాసి కాలేజీల్లో పాఠాలు చెబుతున్నారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యమున్న వారి కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థే ఉంది. ఆ రంగమంటే ఏమిటో అమ్మాయికి తెలుస్తుంది, అనుమతి అడిగి ఒకసారి చూపించండి. మొదట్లో జీతాలు సాఫ్ట్‌వేర్‌తో పోల్చేలా ఉండవు. పని మాత్రం కొండంత ఉంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వేలో పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లలో 10.6 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు తేలింది. సమస్యనుబట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. దుఃఖం చెప్పుకునేటప్పుడు మనిషికి సొంత భాషే నోటికొస్తుంది. ఖమ్మం మాట, ఖమ్మం ఇళ్లు తెలిసిన సైకాలజిస్టులు మనకు చాలా అవసరం, అందుకే మీ అమ్మాయి ఈ దారి ఎంచుకుంటే నాకు సంతోషం.

సీయూఈటీ నోటిఫికేషన్ వచ్చాక ఆలస్యం చేయకండి. దరఖాస్తులో సబ్జెక్టులు ఎంచుకునేముందు ఢిల్లీ యూనివర్సిటీ ఆ ఏటి అర్హత నిబంధనలు పక్కన పెట్టుకుని చూసుకోండి.